సన్మానం మర్నాడు గేటు దగ్గర

కార్మిక శాఖలో నా ఉద్యోగం అయిపోయింది. మంచిర్యాలలో మొదలుపెట్టి, కాగజ్‌నగర్, కరీంనగర్ తిరిగి, చివరికి హుజూరాబాద్‌లో సహాయ కార్మిక అధికారిగా కుర్చీ దిగాను. నేను దిగిన కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి వచ్చి, "మేడం, ఇన్నేండ్లు ఏం చేసిండ్రో జర రాసి పెట్టరాదుండ్రి, మాకు పనికొస్తది" అంది. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాస్తే ఆ పిల్లకు నిద్ర తప్ప ఏమీ రాదు. అందుకే వాటిని వదిలేస్తున్నాను.

యజమాని ఒప్పందం తప్పితే ఏం చేయాలి? ఉద్యోగంలో ఉన్నంతకాలం జనం నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే. సెక్షన్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఈమధ్య చట్టాల పేర్లు కూడా మారాయి, మళ్లీ మారతాయి కూడా. కానీ మన దగ్గర యజమానులు ఒప్పందం ఎలా తప్పుతారో, మనవాళ్లు దానికి ఎలా తల ఒగ్గుతారో ఏ పుస్తకంలోనూ లేదు. మొదట్లో నేను అనుకునేదాన్ని, పదేళ్లు పోతే ఈ ఉద్యోగంలో ఏదీ కొత్తగా అనిపించదని. ఎంత తప్పుడు లెక్క! చివరి నెల దాకా నోరు వెళ్లబెడుతూనే ఉన్నాను.

పొమ్మన్నోడి గడప

ముందు మా పెద్దసారు గురించి చెప్పాలి. నేను మంచిర్యాలలో చేరినప్పుడు ఆయన నాకు పై అధికారి. తర్వాత కరీంనగర్‌లో ఇంకా పెద్ద కుర్చీ ఎక్కారు, నేను అక్కడికీ ఆయన కిందికే బదిలీ అయ్యాను. నవ్వని మనిషి. ఎవరు ఫిర్యాదు పట్టుకొచ్చినా కాగితం చూడకముందే ఒక ప్రశ్న వేసేవారు: "ఇంట్ల ఎవరికి ఎరుక?"

నాకు ఒళ్లు మండేది. ఉద్యోగం పోయి ఏడుస్తూ వచ్చిన మనిషిని పట్టుకుని ఇంట్లో తెలుసా అని అడగడమేంటి, ఇదేమన్నా పెళ్లిచూపులా అనుకునేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అన్నాను కూడా. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, "నీకు తెలుస్తది తియ్" అన్నారు. తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

నస్పూర్‌లో సమ్మయ్య అని బొగ్గు లారీ డ్రైవరు ఉండేవాడు. అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు మూడేళ్లకు రాసిచ్చాడు. ఏడాది తిరగకముందే ఏదో మాటా మాటా అనుకున్నారు. "రేపటి సంది నా లారీ ముట్టకు" అన్నాడు కాంట్రాక్టరు. సమ్మయ్య తాళంచెవి అక్కడే పారేసి ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ అటువైపు తొంగి చూడలేదు. మా దగ్గరికి రావడానికే నెలలు పట్టింది, అదీ భార్య తరిమితే.

"ఎందుకు పోలేదయ్యా మళ్లీ?" అని అడిగాను.

"పొమ్మన్నంక మల్ల గా గడప తొక్కుతనా మేడం? నాకు మానం లేదా?"

కాంట్రాక్టరు వచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకుని చెప్పాడు. "నేనెప్పుడు తీసేసిన మేడం? ఆయనే రాలే. లారీ పెట్టుకోని నేను ఎదురు చూసిన. పని ఇడిసిపెట్టి పోయినోనికి నేనేం జెయ్యాలె?" అబద్ధమని ఆ గదిలో గోడలకు కూడా తెలుసు. కానీ తీసేశాడని రుజువేది? సమ్మయ్య రాలేదన్నది మాత్రం నిజం. కేసు పోయింది. అతను మెట్లు దిగి వెళ్లడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆ సాయంత్రం పెద్దసారు అన్నారు: "మనోళ్ల రోషమే యజమానికి సాక్ష్యం. రాసుకో." నేను రాసుకోలేదు కానీ మరిచిపోలేదు.

గేటు బయట డ్యూటీ

హుజూరాబాద్ వైపు ఒక విత్తనాల కంపెనీ ఉంది. పేరెందుకు, కంపెనీ చేతులు మారింది, బోర్డు కూడా మారింది. వరి, మక్క విత్తనాలు శుభ్రం చేసి, మందు పట్టించి, సంచులకెత్తే చోటు. అది కట్టినప్పుడు ఊళ్లోవాళ్ల భూములు తీసుకున్నారు. భూమి ఇచ్చిన ఇంటికొకరికి అరవయ్యేళ్ల వయసు వచ్చేదాకా పని ఇస్తామని, విచారణ లేకుండా తీసేయబోమని రాసి సంతకాలు పెట్టారు. అలాంటి ఒప్పందం దొరకడమే గొప్ప. పెద్దమనుషులు గట్టిగా నిలబడి రాయించుకున్నారు.

తనిఖీకి వెళ్లిన రోజు గేటు పక్కన కల్వర్టు గోడ మీద ఒకామె కూర్చుని కనిపించింది. నలభై అయిదు దాటి ఉంటాయి. కంపెనీ ఇచ్చే నీలం కోటు వేసుకుంది, తలకు గుడ్డ కట్టుకుంది, ఒళ్లో టిఫిన్ గిన్నె. అచ్చం షిఫ్టులో ఉన్న మనిషే. కాకపోతే గేటుకు ఇవతల ఉంది.

"ఎవరికోసం కూసున్నవమ్మా?" అన్నాను.

"ఎవల కోసం కాదు మేడం. డ్యూటీల ఉన్న."

వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు. అతన్ని పిలిచి ఏంటిదని అడిగితే నసిగాడు. "ఓదెమ్మక్కకు సన్మానం అయింది మేడం."

"అయితే?"

"సన్మానం అయినోళ్లను లోపలికి రానియ్యద్దన్నరు."

అర్థం కాలేదు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే చెప్పాడు. ఇన్నేళ్లలో తీసేయడానికి నేను వినని సాకు లేదనుకున్నాను. ఆలస్యంగా వచ్చిందన్నారు, ఎదురు మాట్లాడిందన్నారు, గింజలు దొంగిలించిందన్నారు. సన్మానం చేశాం కాబట్టి తీసేశామని ఎవరూ అనలేదు. అక్కడే కల్వర్టు మీద ఓదెమ్మ పక్కన కూలబడ్డాను.

ఓదెమ్మ చెప్పింది ఇది. వాళ్ల నాన్నకు కొడుకులు లేరు, ఆ భూమి మీద వచ్చిన పని కూతురికి ఇచ్చాడు. పెళ్లయ్యాక అల్లుడే ఇల్లరికం వచ్చాడు. ఆ అల్లుడు, అంటే ఆమె భర్త రాజయ్య, కొన్నేళ్లు మస్కట్‌లో చేసి నడుం విరిగి తిరిగొచ్చాడు. బరువు ఎత్తలేడు, ఎక్కువసేపు నిలబడలేడు. ఇల్లు ఈమె పని మీదే నడుస్తోంది. కంపెనీ కొత్త యజమాని చేతికి వెళ్లాక, ఒకరోజు షిఫ్టు నడుస్తుండగానే ఆమెనూ, మరికొందరు పాతవాళ్లనూ బయటికి పిలిచారు. చూస్తే టెంటు, కుర్చీలు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద అందరి ఫొటోలు, ఆమెది కూడా.

"నా మొకం ఫ్లెక్సీ మీద సూసుకునుడు గదే మొదలు మేడం. శాలువ కప్పిండ్రు. దండేసిండ్రు. మటన్ దావత్ పెట్టిండ్రు. మైకు నోటికాడ పెట్టి రెండు ముక్కలు చెప్పు ఓదెమ్మా అన్నడు మేనేజరు సారు. ఇన్నేండ్లు అన్నం పెట్టిన కంపెనీకి దండాలు అన్న. ఇంకేమంటరు?"

ఇంటికి శాలువ తీసుకువెళ్లింది. పని బాగా చేసిందని కంపెనీ సన్మానించిందని చెప్పింది. రాజయ్య పొంగిపోయి వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. మర్నాడు పొద్దున మామూలుగా టిఫిన్ కట్టుకుని వస్తే వాచ్‌మన్ ఆపాడు. నవ్వులాటనుకుని ఈమె కూడా నవ్వింది. అతను నవ్వలేదు.

"ఇంటికి ఎట్ల పోవాలె మేడం? నా పెనిమిటి వాడకట్టంత చెప్పిండాయె. పనిల కెల్లి తీసేసిండ్రని ఏ మొకం పెట్టుకోని చెప్పాలె? అందుకే ఈడనే కూసుంటున్న. గంట కొట్టినంక అందరితోని బస్సెక్కుత. రోజు గంతే."

"రోజూనా?"

"రోజు. ఒక్క పూట నాగ పెట్టలే."

మిగిలినవాళ్లేరని అడిగాను. ఆమె చేతులు తిప్పింది. "వాళ్లు రారు మేడం. దండేసి సాగనంపినంక మల్ల గేటుకాడ నిలబడితే నలుగురు నవ్వరా అన్నరు."

కోపం వచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది. మా శాఖలో ఉన్నవాళ్లం గొంతు చించుకుని చెబుతాం, తీసేస్తే ఇంట్లో కూర్చోకండి, రోజూ వెళ్లి గేటు దగ్గర నిలబడండి, పని ఇవ్వమని అడగండి అని. ఎవరూ వినరు. రోషం అడ్డొస్తుంది. ఇక్కడ ఒక ఆడమనిషి భర్తకు చెప్పడానికి సిగ్గుపడి, ఎవరూ చెప్పకుండానే, చేయవలసిన పని తు.చ. తప్పకుండా చేస్తోంది. రోషం ఉన్నవాళ్లు ఇంట్లో మునిగారు, సిగ్గుపడ్డ మనిషి గేటు దగ్గర తేలింది.

"ఓదెమ్మా, నువ్వు చాన మంచి పని చేస్తున్నవు" అన్నాను. వెర్రిదాన్ని చూసినట్టు చూసింది నన్ను.

రెండు ముక్కలు

ఆమె చేత ఫిర్యాదు రాయించాను. కంపెనీకి నోటీసు వెళ్లింది. భూమి ఒప్పందం ఉన్న గొడవ కాబట్టి పెద్దసారు కరీంనగర్‌లో తన బల్ల ముందే పెట్టించుకున్నారు. రాజీ చర్చల రోజు కంపెనీ తరఫున మేనేజరు శ్రీధర్ వచ్చాడు. జమ్మికుంట కుర్రాడు, పెద్ద చదువు, ఇస్త్రీ చొక్కా, మాట మర్యాద. ఒప్పందం మాటెత్తితే కాదనలేదు.

"ఒప్పందానికి మేం కట్టుబడే ఉన్నాం సార్. వీళ్లను మేం తీసేయలేదు. వీళ్లే సంతోషంగా పదవీ విరమణ తీసుకున్నారు. మేం గౌరవంగా సాగనంపాం." అలా అంటూ లాప్‌టాప్ తెరిచి మా వైపు తిప్పాడు.

వీడియో. టెంటు, పాటలు, దండలు. ఓదెమ్మ వంతు వచ్చింది. శాలువ కప్పుతుంటే ఆమె సిగ్గుపడుతూ తల వంచింది. చేతులు జోడించింది. విత్తనాలకు పట్టించే మందు రంగు ఇంకా చేతులకు ఉంది, గులాబి రంగు, మోచేతుల దాకా. తర్వాత మైకు. "ఇన్నేండ్లు అన్నం పెట్టిన కంపెనీకి నా దండాలు." చప్పట్లు.

"ఇంతకన్నా స్పష్టంగా వీడ్కోలు ఎవరైనా చెబుతారా సార్?" అన్నాడు శ్రీధర్.

ఈ నేల మీద ఎవరి మెడలోనైనా దండ వేస్తే ఎవరు తీసి పారేస్తారు? మైకు ఇస్తే ఎవరు తిడతారు? పెట్టిన అన్నానికి దండం పెట్టడం తల్లి నేర్పిన మర్యాద. ఆ మర్యాదనే తీసుకొచ్చి ఆమె మెడకు ఉరితాడు చేశారు. చట్టం దృష్టిలో ఆ వీడియో రాజీనామా కాదు, కోర్టుకు వెళితే నిలబడకపోవచ్చు. కానీ కోర్టు దాకా వెళ్లడమంటే ఎన్నేళ్లు? నడుం విరిగిన భర్తతో ఆమె అన్నేళ్లు ఎలా ఆగుతుంది? ఆ లెక్క శ్రీధర్‌కు బాగా తెలుసు. అతని మొహంలో తొణుకూ బెణుకూ లేదు.

పెద్దసారు వీడియో మొత్తం చూశారు. కళ్లద్దాలు దించారు. ఓదెమ్మ వైపు తిరిగి, ఎప్పటి ప్రశ్నే వేశారు.

"ఇంట్ల ఎవరికి ఎరుక?"

ఓదెమ్మ తల దించుకుంది. "ఎవలకు ఎరుక లేదు సార్. మా ఆయినకు ఇయ్యాల్టి దాంక చెప్పలే. జీతం ఆగిందని బొంకుతున్న."

"పిలిపించు."

పెద్దసారు అడిగిన మాట

రాజయ్య వచ్చేదాకా చర్చ ఆపారు. శ్రీధర్ గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి రాజయ్య కర్ర ఊతతో మెట్లెక్కి వచ్చాడు. భార్యను అక్కడ చూసి హడలిపోయాడు. విషయం ఆమె నోటితోనే విన్నాడు. శ్రీధర్ వైపు తిరిగాడు.

"మస్కట్ల నన్ను డ్రైవరు పనికని తీస్కపోయి ఒంటెల కాడ పెట్టిండ్రు సారూ. అడిగితే గెంటిండ్రు. గని గా అరబ్బోడు దండ ఎయ్యలే. మీరు ఎల్లమ్మకు ఇడిసిన యాటపోతుకు ఏసినట్టు దండేసి మరీ కోసిండ్రు."

శ్రీధర్ ఏదో అనబోతే పెద్దసారు చెయ్యెత్తి ఆపారు. వీడియోను మళ్లీ వేయమన్నారు. ఈసారి ఓదెమ్మ మీద ఆపించారు.

"శ్రీధర్, మీ నాయిన ఏం చేసేటోడు?"

"టీచరు సార్. రిటైరైండు."

"ఫంక్షన్ చేసిండ్రా?"

"చేసినం సార్."

"మీ అమ్మ ఎక్కడ కూసున్నది?"

శ్రీధర్ లాప్‌టాప్ తెర వైపు చూపు తిప్పాడు. పెద్దసారు వదల్లేదు.

"మీ నాయిన పక్కనే కూసున్నది గదా? కొత్త చీర కట్టుకోని. మీ మేనమామలు బట్టలు తెచ్చిండ్రా లేదా? ఊరోళ్లు బాజాలతోని ఇంటిదాంక తోలిచ్చిండ్రా లేదా?"

"అవును సార్."

"మరి ఈమె పెనిమిటి ఏడి? ఈమె చుట్టాలు పెట్టిన బట్టలేవి? పని చేసే కోటు మీద, రంగు చేతులతోని రిటైరయ్యే మనిషిని నువ్వు ఎక్కడన్న చూసినవా? ఇండ్లల్ల ఎవ్వలకు ఎరుక లేకుంట గిందరు ఒక్కసారే ఇష్టపడి రిటైరైండ్రా? గీ మాట కోర్టుల ప్రమాణం చేసి చెప్తవా? చెప్తనంటే ఇప్పుడే రాసి పంపిస్త."

ఆ ప్రశ్న మీద ఇన్నేళ్లు విసుక్కున్నదాన్ని, అప్పుడు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. మన దగ్గర పని మానడం ఒక్క మనిషి వ్యవహారం కాదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోకుండా ఎవరూ మానరు. ఇంట్లో ఎవరికీ తెలియలేదంటే ఆ మనిషి మానలేదు, మాన్పించారు. ఆయన ఇన్నాళ్లూ అడుగుతున్నది అదే.

నేను గేటు సంగతి ఎత్తాను. ఆమె ఒక్క పూట కూడా మానకుండా వచ్చి నిలబడిందని, లోపలికి రానివ్వద్దన్నారని వాచ్‌మన్ నా ముందే చెప్పాడని, విరమించుకున్న మనిషి టిఫిన్ కట్టుకుని ఎందుకు వస్తుందని అడిగాను. శ్రీధర్ లాప్‌టాప్ మూశాడు. బయటికి వెళ్లి ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ఓదెమ్మను వెనక్కి తీసుకుంటామని రాసిచ్చారు.

మిగిలినవాళ్ల విషయంలో కంపెనీ ఒప్పుకోలేదు. వాళ్లు మళ్లీ రాలేదు కదా అంది. వాళ్ల కేసులు గోదావరిఖని లేబర్ కోర్టుకు వెళ్లాయి. నేను దిగిపోయేనాటికి తేలలేదు. ఒకాయన మధ్యలోనే విసిగి మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి వెళ్లిపోయాడు. ఓదెమ్మకు ఉన్న ఒప్పందమే వాళ్లకూ ఉంది, అదే దండ పడింది, అదే మైకు దొరికింది. తేడా ఆ కల్వర్టు గోడ ఒక్కటే.

కొత్తవాళ్లకు నాలుగు మాటలు

పని ఇచ్చినవాడు మాట తప్పితే మొదట చేయాల్సింది లాయరు దగ్గరికి పరుగెత్తడం కాదు, మర్నాడు మామూలు టైముకు పనికి వెళ్లడం. ఆపితే అక్కడే నిలబడండి. నలుగురి కళ్లబడండి. నేను పనికి సిద్ధంగా ఉన్నాను, మీరే రానివ్వడం లేదు అని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. రోషం ఎక్కడికీ పోదు, కేసు గెలిచాక పడొచ్చు.

రాసుకున్న ఒప్పందం ఉంటే ఒక కాపీ మీ ఇంట్లోనే కాకుండా చుట్టాల ఇంట్లో కూడా ఉంచండి. రాసుకోనిది ఒప్పందం కాదనుకోకండి. ఏళ్ల తరబడి ఒకే చోట ఒకే పని చేయించుకున్నవాడు నోటిమాటే కదా అని తప్పించుకోలేడు. ఆలస్యం మాత్రం చేయకండి, చట్టానికి గడువులుంటాయి, యజమానులకు అవి కంఠతా వచ్చు.

గొడవ పడుతున్నప్పుడు ఇంట్లో దాచకండి. గల్ఫ్‌లో మోసపోయినవాళ్లు ఇంటికి అబద్ధం చెబుతారు, ఇక్కడ మోసపోయినవాళ్లు కూడా చెబుతారు. ఓదెమ్మకు దాపరికం కలిసొచ్చింది, అది ఆమె అదృష్టం. దాచుకున్న మిగతా అందరినీ అది ముంచింది.

ఇక మా శాఖలో చేరే పిల్లలకు. చర్చల బల్ల దగ్గర మర్యాదగా మాట్లాడేవాళ్లను చూసి మెత్తబడకండి. తిట్టి తీసేసేవాణ్ణి పట్టుకోవడం తేలిక. గౌరవించి తీసేసేవాణ్ణి పట్టుకోవడమే కష్టం.

మళ్లీ అదే టెంటు

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ దిగిపోయే ముందు నెలలో జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఓదెమ్మ ఆఫీసుకు వచ్చింది. నీలం కోటు వేసుకునే ఉంది. ఆమె వెనక తలుపు దగ్గర ఒకతను, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులోంచి శాలువ అంచు కనిపిస్తోంది. గడ్డం మాసి ఉంది, గుర్తు పట్టడానికి కాస్త సమయం పట్టింది. శ్రీధర్.

"సారుకు గూడ చేసిండ్రు మేడం" అంది ఓదెమ్మ.

నేను లేచి నిలబడ్డాను.

కంపెనీ మళ్లీ చేతులు మారింది. కొత్తవాళ్లు తమ మనిషిని మేనేజరుగా తెచ్చుకున్నారు. ముందుగా రాతపూర్వకంగా చెప్పకుండా శ్రీధర్‌ను తీసేయకూడదని అతని నియామక పత్రంలో ఉంది. చెప్పలేదు. టెంటు వేశారు. అదే టెంటువాడు, ఫ్లెక్సీవాడు కూడా అప్పటివాడేనట.

"కార్మికులందరిని ముంగట కూసోబెట్టిండ్రు మేడం" అంది ఓదెమ్మ. "పెద్ద యజమాని దండ పట్టుకోని వచ్చిండు. నాకు సమజైంది. లేచి నిలబడి అరిచిన, సారూ ఏసుకోకుండ్రి, ఏసుకోకుండ్రి అని. అందరు నన్నే సూసిండ్రు. సారు గూడ సూసిండు. సూసి..."

ఆమె ఆగిపోయింది. శ్రీధర్ పూర్తి చేశాడు. "మెడ వంచిన మేడం."

"మీకు తెలుసు కదా! ఆ పద్ధతి పెట్టిందే మీరు కదా!" అరిచినంత పనిచేశాను.

"తెలుసు మేడం. దండ చూడంగనే తెల్సింది. గని అంత పెద్దమనిషి రెండు చేతులతోని పట్టుకోని ఎదురుంగ నిలబడ్డడు. ఫొటోలు తీస్తుండ్రు. ఎట్ల వద్దంట? మైకు ఇచ్చిండ్రు." అతను శాలువ అంచును కవరులోకి తోశాడు. "కంపెనీకి కృతజ్ఞతలు అని చెప్పిన."

జాలిపడాలా, బాగా అయిందనాలా? రెండూ అనిపించాయి. తర్వాత నిజం చెప్పాల్సి వచ్చింది. అతను మేనేజరు, చట్టం కార్మికుడనే మనిషి కాదు. అతని గొడవ నా బల్ల మీదికి రాదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. లాయరు పేరు చెప్పాను, ఉత్తరం ఎలా రాయాలో చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు. సగం కూడా చెవికెక్కి ఉండదు.

అప్పుడు ఓదెమ్మ అడిగింది, మా పెద్దసారు గొంతు అరువు తెచ్చుకున్నట్టు. "ఇంట్ల ఎరుకేనా సారూ?"

శ్రీధర్ లేదన్నట్టు తలాడించాడు. "రోజు పొద్దుగాల బ్యాగు పట్టుకోని ఎల్తున్న. బస్టాండుల కూసుంటున్న. సాయంత్రం ఇంటికి పోతున్న."

ఓదెమ్మ అతని చేతిలోని కవరు వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. ఆమె తన టిఫిన్ గిన్నె చంకన పెట్టుకుని లేచింది, షిఫ్టు టైమవుతోంది.

"బస్టాండుల కూసుంటే ఏమొస్తది సారూ? రేపటి సంది గేటుకాడికి రాండ్రి. కల్వర్టు మీద నేను కూసున్న జాగ ఖాళీగనే ఉన్నది."